సబ్ఖా మీద మూడు గుడ్లు

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది అబుదాబిలో గ్రేడర్ నడిపే మన శ్రోత. ఆడియో వినే తీరిక లేనివాళ్ళ కోసం మాటలన్నీ ఇక్కడ రాసి పెట్టాం. మాట తీరు ఆయనదే, మేము మార్చలేదు.)

క్యాంపులో బంక్ మీద పడుకుని వింటున్నవాళ్ళకు, డ్యూటీ బస్సులో కునుకు తీస్తూ వింటున్నవాళ్ళకు, ఈ రోజు వంట వంతు వచ్చి ఉల్లిగడ్డలు కోస్తూ వింటున్నవాళ్ళకు, అందరికీ నమస్తే.

మామూలుగా ఇక్కడ వీసా సంగతులు, జీతం సంగతులు చెప్తారు. నన్ను మాట్లాడమంటే నాకేం తెలుసు అన్నాను. "నువ్వు గ్రూపులో పెట్టిన ఆ పిట్ట సంగతి చెప్పు" అన్నారు. సరే, పిట్ట సంగతే చెప్తాను. కానీ చివరిదాకా వినండి, అది పిట్ట సంగతి ఒక్కటే కాదు.

మాది జగిత్యాల దగ్గర ఊరు. సముద్రం నేను మొదటిసారి చూసింది ఇక్కడికి వచ్చాకే. పదకొండేళ్ళయింది వచ్చి. మొదట హెల్పర్, తర్వాత రోలర్, ఇప్పుడు గ్రేడర్. పోయిన ఏడాది మా సైట్ సముద్రం పక్కన సబ్ఖా మీద. సబ్ఖా అంటే ఇక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు, ఊళ్ళో వినేవాళ్ళ కోసం చెప్తున్నాను. పైన ఉప్పు పెచ్చు కట్టిన చదును నేల. చూస్తే గట్టిగా కనబడుతుంది. కింద నీళ్ళు ఉంటాయి. బండి తప్పు చోట దింపితే ఇరుసు దాకా దిగబడుతుంది. చెట్టు లేదు, చేమ లేదు. ఇక్కడ బతికేది ఏదీ ఉండదు అనుకునేవాణ్ణి.

మార్చి నెలాఖరులో ఒక పొద్దున బ్లేడు దించి పోతున్నాను. ముందర ఒక చిన్న పిట్ట. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, కాళ్ళు పొడుగు. ఒక రెక్క నేలకు ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ పోతోంది. పాపం రెక్క విరిగినట్టుంది అనుకున్నాను. హారన్ కొట్టాను. అది పక్కకు పోయింది, నేను ముందుకు పోయాను. మర్నాడు చూస్తే నేను చదును చేసిన చోటనే రెండు పిట్టలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఉరుకుతాయి, ఆగుతాయి, నేలను చూస్తాయి. మళ్ళీ ఉరుకుతాయి. నాకేం అర్థం కాలేదు.

మూడు వారాలకు ఇంకో పక్క, పైపులు పేర్చిన చోట దగ్గర, మళ్ళీ అదే వేషం. రెక్క ఈడుస్తూ ఒక పిట్ట. ఈసారి బండి దిగాను, పట్టుకుని నీళ్ళు పోద్దామని. నేను నాలుగు అడుగులు వేస్తే అది నాలుగు అడుగులు జరుగుతుంది. అట్లా చాలా దూరం తిప్పింది. ఆ తర్వాత రెండు రెక్కలూ బాగానే విప్పి ఎగిరిపోయింది. వెనక మా ఫోర్‌మన్ నవ్వుతున్నాడు. ఆయన కేరళ ఆయన, సముద్రం ఒడ్డున పెరిగినవాడు. "నిన్ను మోసం చేసింది భాయ్. అక్కడ గుడ్లు ఉన్నాయి, నిన్ను ఇటు లాక్కొచ్చింది" అన్నాడు.

ఇద్దరం వెనక్కి వెళ్ళి చూశాం. కాలు ఎక్కడ పెడతామో అని భయపడుతూ వెతికాం. నేల మీద అరచేయంత గుంట. అందులో చిన్న చిన్న గవ్వ ముక్కలు, వాటిలో సగం పూడినట్టు మూడు గుడ్లు. ఇసుక రంగు మీద నల్ల చుక్కలు, గీతలు. రెండడుగుల దూరంలో నిలబడినా కనబడవు.

అప్పుడు నాకు మార్చి నెల సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు కూడా రెక్క విరగలేదు. ఆ పిట్ట నన్ను పక్కకు రమ్మని పిలిచింది, నేను హారన్ కొట్టి గుడ్ల మీద నుంచే బ్లేడు తీసుకుపోయాను. మర్నాడు ఆ రెండూ వెతికింది వాటినే. ఈ మాట ఇంతమందిలో చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. కానీ చెప్పకపోతే మిగతాది చెప్పడంలో అర్థం లేదు.

ఆ రాత్రి ఫోన్‌లో వెతికాను. ఈ పిట్టను ఇంగ్లీషులో కెంటిష్ ప్లోవర్ అంటారు. ఇంగ్లండ్‌లో కెంట్ అనే జిల్లా ఉంది, అక్కడ దొరికిన పిట్టలను చూసి ఆ పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే ఇప్పుడు ఆ కెంట్‌లో ఇవి గూడు పెట్టడం మానేశాయి. శాస్త్రం పేరులో అలెగ్జాండ్రినస్ అని ఉంటుంది, అంటే ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. ఆ పేరు 1758లో లిన్నేయస్ పెట్టింది. పాస్‌పోర్టులో ఒక ఊరు, బతుకు ఇంకో ఊళ్ళో. మనలాగే. నేను మాత్రం దీనికి ఉరుకుడు పిట్ట అని పేరు పెట్టుకున్నాను, దాని నడక చూసి. అది తిండి వెతికే తీరే అంత. ఉరికి, టక్కున ఆగి, కళ్ళతో చూసి, ఒక్క పోటు పొడుస్తుంది. పురుగులు, ఈగలు, నీళ్ళ అంచున ఉండే చిన్న రొయ్యల్లాంటివి దాని తిండి. కళ్ళు పెద్దవి, రాత్రి కూడా మేస్తుంది.

ఆనవాలు చెప్తాను, మీరూ చూడొచ్చు. పొడవు 15 నుంచి 17 సెంటీమీటర్లు. బరువు నలభై గ్రాములు అటూ ఇటూ, అంటే పెద్ద కోడిగుడ్డు కన్నా తక్కువ. పైన ఇసుక రంగు, కింద తెలుపు. ముక్కు నలుపు, కాళ్ళు నలుపు. మెడ కింద రెండు పక్కలా నల్ల మచ్చ ఉంటుంది కానీ మధ్యలో కలవదు, గుండీ పెట్టని కాలర్ లాగా. గుడ్లు పెట్టే కాలంలో మగదానికి నెత్తి మీద ఇటుక రంగు, నుదుటి మీద నల్ల పట్టీ వస్తాయి. ఆడది కాస్త వెలిసినట్టు ఉంటుంది. ఇది తెలిస్తే ఎవరి డ్యూటీ ఎప్పుడో మీరే చెప్పగలరు.

మనకు ఇది పూర్తిగా పరాయిది కాదు. మన చెలకల్లో తీతువు పిట్ట ఉంటుంది కదా, రాత్రి అరిస్తే కీడని ముసలివాళ్ళు అంటారు, ఈ రెండూ ఒకే కుటుంబం. తీతువు కూడా ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. మా అమ్మమ్మ తీతువు అరిస్తే ఉమ్మేసేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రాత్రి దాని గుడ్ల దగ్గరికి నక్కో కుక్కో వచ్చి ఉంటుంది, కీడు దానికి. చిన్నప్పుడు పంచతంత్రంలో టిట్టిభాల కథ విన్నాం. ఆడపిట్ట వేరే చోటికి పోదాం అంటుంది, మగపిట్ట సముద్రం మనల్ని ఏం చేస్తుంది అంటుంది. సముద్రం గుడ్లు ఎత్తుకుపోతుంది. అవి గరుత్మంతుడి దగ్గర మొర పెట్టుకుంటే, విష్ణువు సముద్రాన్ని బెదిరించి గుడ్లు ఇప్పిస్తాడు. ఆ కథ రాసినవాడు ఒడ్డున ఇట్లాంటి గూడు చూసే ఉంటాడు.

ఇంకో సంగతి. చలికాలంలో ఈ ఉరుకుడు పిట్టలు మన ఆంధ్ర తీరానికి కూడా వస్తాయి, పులికాట్ వైపు, కోరంగి వైపు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఏడాది పొడుగునా ఉండే పిట్టలు కొన్ని ఉన్నాయి. వాటినీ ఇన్నాళ్ళు ఇదే జాతి అనుకున్నారు. 2023లో శాస్త్రవేత్తలు అవి వేరే జాతి అని తేల్చి, హనుమాన్ ప్లోవర్ అని పేరు పెట్టారు. లంకకూ మనకూ మధ్య వారధి కథ ఉంది కదా, అందుకని.

సరే, మా గూడు దగ్గరికి వద్దాం. ఫోర్‌మన్ ఇంజనీర్‌తో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. నాతో మాత్రం "ఆ ముక్క చివరికి పెట్టుకుందాం, ముందు అటు పక్క కానీ" అన్నాడు. అంతే. పని ఆగలేదు, వరస మారింది. నేను గూటికి పది మీటర్ల అవతల రెండు కోన్లు పెట్టాను. దగ్గరగా పెడితే కాకులకు మనమే చూపించినట్టు అవుతుంది.

ఆ రోజు నుంచి లంచ్ టైంలో బండి క్యాబిన్‌లో కూర్చుని చూసేవాణ్ణి. అద్దం లోపల ఉంటే పిట్టకు మనిషి అనిపించడు, అది పట్టించుకోదు.

కోడి గుడ్ల మీద ఎందుకు కూర్చుంటుంది? వెచ్చగా ఉంచడానికి. ఇక్కడ తలకిందులు. గుడ్డు లోపల పిల్ల పెరగాలంటే 36, 38 డిగ్రీల మధ్య ఉండాలి. నలభై దాటుతూ పోతే పిల్ల చచ్చిపోతుంది. మేలో మధ్యాహ్నం ఆ నేల యాభై దాటుతుంది, బూటు అడుగు మెత్తబడే వేడి. అంటే ఈ పిట్ట గుడ్లను పొదగడం కాదు, చల్లగా ఉంచుతోంది. నేల మీద కాళ్ళు చాపి నిలబడి, రెక్కలు కాస్త దించి, నోరు తెరిచి రొప్పుతూ గుడ్లకు నీడ పడుతుంది. తన ఒంటితోనే గొడుగు.

మామూలు చోట్ల ఆడది పగటి డ్యూటీ, మగది రాత్రి డ్యూటీ చేస్తాయట. కానీ అబుదాబిలో అల్ వత్బా చెరువు దగ్గర, సౌదీలో ఫరసాన్ దీవుల్లో శాస్త్రవేత్తలు చూస్తే, ఎండ పెరిగిన కొద్దీ మధ్యాహ్నం మగది కూడా వచ్చి వంతు పంచుకుంటోంది. నేను చూసిందీ అదే. పొద్దున చాలాసేపు ఒక్కటే ఉండేది. పన్నెండు దాటాక ఇంకోటి ఉరికొచ్చేది, ఇది లేచిపోయేది. కాసేపటికి మళ్ళీ మార్పు. ఎండ ఎంత పెరిగితే వంతు అంత చిన్నది. ఒక్కటే మొత్తం మధ్యాహ్నం మోయదు, మోయలేదు.

డ్యూటీ దిగినది ఎటు పోతుందో చూశాను. పక్కనే ఖోర్ ఉంది, సముద్రపు పాయ. అక్కడికి పోయి నీళ్ళలో దిగి, కడుపు ఈకలు తడుపుకుంటుంది. తిరిగి వచ్చి తడి కడుపుతో గుడ్ల మీద కూర్చుంటుంది. దానికీ చల్లదనం, గుడ్లకూ చల్లదనం. మన తీతువు కూడా ఇట్లానే చేస్తుందట. మనం తడి తువ్వాలు మెడకు చుట్టుకుంటాం కదా, అదే పని.

అది చూసినప్పుడు నాకు ఒక తమ్ముడు గుర్తొచ్చాడు. రెండేళ్ళ కింద, ఇంకో సైట్‌లో, ఆగస్టులో షట్టరింగ్ పని చేసేవాడు. టాయిలెట్ దూరమని, మాటిమాటికీ పోతే మాట పడతామని, నీళ్ళు తాగేవాడు కాదు. ఒక రోజు పదకొండింటికే మాట తడబడింది. మేము నిద్ర చాలలేదేమో అనుకున్నాం. "నీడకు పో" అని నేను అనలేదు, నా పని నేను చేసుకున్నాను. పదిహేను నిమిషాలకు పడిపోయాడు. బతికాడు, దేవుడి దయ. కానీ కిడ్నీ దెబ్బతిని ఇంటికి పోయాడు, మళ్ళీ రాలేదు. ఇంత పిట్టకు తెలిసిన సంగతి మాకు తెలియలేదు. ఎండలో వంతు మార్చుకోవాలి, నీళ్ళ దగ్గరికి పోవడం పని ఎగ్గొట్టడం కాదు, అదీ పనిలో భాగమే.

మే రెండో వారంలో ఒక పొద్దున గూడు దగ్గర కదలిక. రెండు పిల్లలు. దూది ఉండకు అగ్గిపుల్లలు గుచ్చినట్టున్నాయి. మూడో గుడ్డు పగలలేదు. సాయంత్రానికి గూడు ఖాళీ. నా గుండె జారింది, కాకి ఎత్తుకుపోయిందనుకున్నాను. తర్వాత తెలిసింది, వీటి పిల్లలు ఒళ్ళు ఆరగానే కొన్ని గంటల్లో నడుస్తాయి, తిండి వాటికవే ఏరుకుంటాయి. తల్లిదండ్రులు నోట్లో పెట్టవు. దారి చూపిస్తాయి, చలికీ ఎండకూ కడుపు కింద దాచుకుంటాయి, ప్రమాదం వస్తే అరిచి చెప్తాయి. ఎగరడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది.

రెండో రోజు ఖోర్ ఒడ్డున కనబడ్డాయి. పెద్దది ముందు, రెండు చిన్నవి వెనక. వారానికి చూస్తే మగదే ఉంది. ఆడది లేదు. చచ్చిపోయిందా అని చదివితే, ఈ జాతిలో చాలా చోట్ల ఆడది పిల్లలు పుట్టిన కొన్ని రోజులకు వదిలిపోయి ఇంకో జంట కడుతుందట, మగదే పిల్లలను పెంచుతుందట. పిల్లలు సొంతంగా తింటాయి కాబట్టి కాపలాకు ఒక్కరు చాలు.

నాకు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. ఆ రాత్రి వీడియో కాల్‌లో మా ఆవిడతో అన్నాను, "చూసినవా, పిల్లలను ఇడిసిపెట్టి పోయిందట. పాపం ఆ మగపిట్ట ఒక్కటే సాకుతుంది."

ఆమె చపాతీ కాలుస్తోంది. తల ఎత్తకుండానే అంది, "పాపమా? మరి మనింట్ల ఆ మగపిట్టను నేనే గద."

నేను ఏం మాట్లాడలేదు. మా బిడ్డకు తొమ్మిదేళ్ళు. అది పుట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, మొదటి అడుగు వేసినప్పుడూ ఇక్కడే. డబ్బు పంపుతున్నాను కదా, కష్టమంతా నాది అనుకునేవాణ్ణి. బడికి పంపడం, జ్వరం వస్తే రాత్రి ఆర్‌ఎంపీ దగ్గరికి ఎత్తుకుపోవడం, మా బాపుకు బీపీ మాత్రలు, అప్పులవాళ్ళకు జవాబు, అన్నీ ఒక్క మనిషి మీద. ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ మార్చేవాళ్ళు ఎవరూ లేరు. నేను మారలేను, దూరంలో ఉన్నాను. కానీ కనీసం అది డ్యూటీ అని ఒప్పుకున్నానా ఇన్నాళ్ళు? లేదు. ఆ రాత్రి ఒప్పుకున్నాను. "పోయిన వారం నీకు ఏది కష్టమైంది?" అని ఇప్పుడు శుక్రవారం శుక్రవారం అడుగుతున్నాను. మొదట్లో ఏం లేదు అనేది. ఇప్పుడు చెప్తోంది. వినడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట నా వంతు.

పిల్లలు ఏమయ్యాయి అని గ్రూపులో అడిగారు. మే నెలాఖరు దాకా రెండూ ఉన్నాయి. తర్వాత ఒక్కటే కనబడింది. జూన్ మొదటి వారంలో అది ఖోర్ మీదుగా ఎగరడం చూశాను. నేను చూసిందీ మా బిడ్డ వీడియోలో చూసిందీ అంతవరకే. మేము చివరికి పెట్టిన ఆ ముక్క ఆ వారంలోనే చదును చేశాను. పని పనే. దిగి, మొత్తం నడిచి చూసి, అప్పుడు బ్లేడు దించాను.

ఇక మీకు నాలుగు మాటలు, ఇవి రాసి పెట్టుకోండి.

ఒకటి. మార్చి నుంచి జూలై దాకా ఇసుక ఒడ్డున, సబ్ఖా మీద రెక్క ఈడ్చే పిట్ట కనబడితే ఆగండి. గుడ్లు మీ కాళ్ళ దగ్గరే ఉన్నాయని అర్థం. మీరు వచ్చిన దారినే వెనక్కి పోండి. గుడ్లు ముట్టుకోకండి, ఫోటో కోసం అక్కడే నిలబడకండి. మీరు నిలబడినంతసేపు తల్లి రాదు, ఆ ఎండకు గుడ్లు నిమిషాల్లో పాడవుతాయి. సెలవు రోజు బీచ్‌కు పోతే బండిని ఇసుక మీదికి తోలకండి, మిగిలిన తిండి పారేయకండి. తిండికి కాకులు, పిల్లులు వస్తాయి, అవే గుడ్లు తింటాయి.

రెండు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర దాకా. సౌదీ, ఒమన్, కువైట్, అన్ని చోట్లా ఇట్లాంటి రూలు ఉంది, టైములు వేరు. మీ దేశం టైం తెలుసుకోండి. అది ఎవరో దయతో ఇచ్చేది కాదు, చట్టం.

మూడు. రూలు లేని గంటల్లో కూడా ఎండ ఉంటుంది. మా తమ్ముడు పడింది పదకొండింటికి. పక్కవాడి మాట తడబడినా, తిక్కగా జవాబు చెప్పినా, తూలినా, నిద్ర చాలలేదని వదిలేయకండి. నీడకు తీసుకుపోయి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరండి. యూఏఈలో అంబులెన్స్ నంబర్ 998. ఇద్దరిద్దరు జతగా ఉండి ఒకరినొకరు కనిపెట్టుకోండి.

నాలుగు. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు అందిందా అని అడిగే ముందు, నీకు ఏది కష్టమైంది అని అడగండి. జవాబు వెంటనే రాదు. ఆగండి.

అంతే అన్నా, నా దగ్గర ఉన్నది. రేపు పొద్దున నాలుగున్నరకు బస్సు. ఉంటాను మరి.